గెట్టు మీది గునుగు ఎటు పోయింది?

బతుకమ్మ పూల సేకరణలో, రంగులద్దకంలో తెలుసుకోదగ్గ సంగతులు

(పరకాల ప్రాంతం నుంచి మా విలేకరి)

భాద్రపద మాసం చివరికొచ్చిందంటే మన పల్లెల్లో ఆడవాళ్ల చూపు చేను మీద కంటే చేను గెట్టు మీదనే ఎక్కువ ఉంటుంది. గునుగు తెల్లబడ్డదా, తంగేడు మొగ్గ విడిచిందా అని పత్తిలో కలుపు తీస్తూనే ఓ కంట కనిపెడుతుంటారు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ ఇది. దీనికి కావలసిన పూలలో బంతి, చేమంతి పెంచుకునేవి. గుమ్మడి, బీర పూలు పాదుల మీద దొరుకుతాయి. బతుకమ్మకు ఎత్తునూ రంగునూ ఇచ్చే గునుగును మాత్రం ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. వానకు అదే మొలుస్తుంది. అట్లా అదే మొలిచే గునుగుకే ఇప్పుడు కరువొచ్చింది.

నిరుడు సద్దుల ముందు రోజు ఈ విలేకరి తెల్లవారకముందే బయలుదేరి మూడు ఊళ్ల చేలు తిరిగాడు. దొరికింది రెండు చేతికట్టలు. ఇంట్లో మూడు బతుకమ్మలు పేర్చాలి. ఒకటి మా అమ్మది, ఒకటి నా భార్యది, ఒకటి పండుగకు పుట్టింటికి వచ్చిన చెల్లెలిది. రెండు కట్టలు ఏ మూలకు? చివరికి హనుమకొండ చౌరస్తాకు వెళ్లి, రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతున్న వాళ్ల దగ్గర బేరమాడి కొనవలసి వచ్చింది. కట్టలు ఇంట్లో దించగానే మా అమ్మ ఒక్క మాటే అన్నది: “మన చేనుల పీకి పారేసినదాన్ని పైసలు వెట్టి కొనుక్కొస్తివా బిడ్డా?”

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈసారి పండుగకు ముందే గునుగు గురించి నాలుగు సంగతులు పాఠకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం. ఎక్కడ దొరుకుతుంది, ఎట్లా కోయాలి, ఎట్లా దాచాలి, రంగు ఎట్లా పట్టించాలి అన్నవి మన ఆడవాళ్లకు కొత్త కాదు. కాని ఇప్పుడు పూలకు పోతున్నది చాలాచోట్ల మగపిల్లలు, పట్నంలో చదువుకుని సెలవులకు వచ్చిన కుర్రాళ్లు. వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. నా అనుభవమూ అంతే. చెప్పేవాళ్లు లేక కాదు, చెబితే వినక చెడగొట్టుకున్నాను. ఆ సంగతి ముందు చెబుతాను.

యూరియా సంచిలో మగ్గిన పూలు

నాలుగేళ్ల కింద మా చుట్టాల ఊళ్లో గునుగు విరివిగా ఉందని తెలిసి, పొద్దు పొడవకముందే కొడవలి పట్టుకుని వెళ్లాను. మంచు కురిసి పూలన్నీ తడిసి ఉన్నాయి. ఎండ రాకముందే పని ముగించాలన్న తొందరలో కోసినవి కోసినట్టు ఖాళీ యూరియా సంచిలో కుక్కి, మూతి బిగించి, బండి వెనక కట్టుకుని వచ్చాను. వచ్చేసరికి ఎవరో పనిమీద పిలిచారు. సంచి అట్లాగే వసారాలో పడి ఉంది. అందులోంచి తీసి పరచమని అమ్మ రెండుసార్లు కబురు చేసింది కూడా. రాత్రి వచ్చి చూసుకుందామనుకున్నాను. మరునాడు పొద్దున విప్పితే లోపల ఆవిరి, వాసన. పైన నాలుగు గుప్పెళ్లు బాగున్నాయి. మధ్యలోవన్నీ నల్లబడి, చేతికి జిగురుగా తగిలాయి. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మలో తంగేడే ఎక్కువ, గునుగు పేరుకు మాత్రమే.

తప్పు ఎక్కడ జరిగిందో అమ్మ తర్వాత చెప్పింది. గునుగు పువ్వు కాగితం లాంటిది. తాకితే గరగరమంటుంది, అందులో తేమ తక్కువ. అందుకే కోసిన తర్వాత కూడా రోజుల తరబడి రూపు చెడదు. తంగేడును పొద్దున కోస్తే సాయంత్రానికి రేకులు రాలుస్తుంది, గుమ్మడి పువ్వు మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. గునుగు మాత్రం ఎంగిలిపూల నాడు కోసి పెట్టుకున్నా సద్దుల దాకా నిలుస్తుంది. అయితే దానికి ఉన్న శత్రువు ఒక్కటే, తడి మీద ఉక్కపోత. మంచుతో గాని, వానతో గాని తడిసిన పువ్వును గాలి ఆడని చోట కుప్ప పెడితే మగ్గిపోతుంది.

కనుక కోసేవాళ్లు మంచు ఆరే దాకా ఓపిక పట్టడం మంచిది. పొద్దెక్కాక కోయాలి. తప్పనిసరై పెందలాడే కోస్తే గోనెసంచి మీదనో, పాత చీర మీదనో పలుచగా పరచి తేవాలి, ప్లాస్టిక్ సంచి వద్దు. ఇంటికి రాగానే నీడలో, గాలి ఆడే అరుగు మీద పరచాలి. తంగేడుకు దీనికి పూర్తిగా తిరగలి పద్ధతి. దాన్ని తడిబట్టలో చుట్టి చల్లటి మూలన పెట్టాలి. రెండింటినీ కలిపి ఒకే కుప్పగా వేస్తే రెండూ చెడతాయి.

ఏ పువ్వు కోయాలి

గునుగు తోటకూర కుటుంబానికి చెందిన మొక్క. పెరట్లో పెంచుకునే సీతజడ పువ్వుకు ఇది దగ్గరి చుట్టం. లేత ఆకును కూర వండుకునే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. పువ్వు కంకి మాదిరిగా నిలువునా పైకి లేస్తుంది. కింది నుంచి పైకి పూస్తూ పోతుంది కనుక కింది భాగం తెల్లగా వెండిలాగా మెరుస్తుంటే కొన మాత్రం గులాబి రంగులో ఉంటుంది. ఈ కొన గులాబిగా ఉన్నదే కోతకు సరైన పువ్వు. కొన దాకా తెల్లబడిపోయిందంటే అది ముదిరినట్టు. కట్ట కట్టేలోగానే పొట్టులా రాలుతుంది, లోపలి నల్లటి గింజలు ఇల్లంతా పరచుకుంటాయి.

కాడను జానెడు, వీలైతే ఇంకా కొంత ఎక్కువ ఉండేట్టు కోయాలి. తొలిసారి పోయిన కుర్రాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. పువ్వు మీదనే దృష్టి పెట్టి మెడ దగ్గర తుంచుకొస్తారు. బతుకమ్మ పేర్చేటప్పుడు పువ్వు బయటికి, కాడ లోపలికి పోవాలి. కాడ లేకపోతే వరుస నిలవదు. పొడుగు కాడను ఇంట్లో కత్తిరించుకోవచ్చు గాని పొట్టి కాడను సాగదీయలేం గదా. కోసిన ఆకును, తీసేసిన కాడలను పారేయరాదు. బతుకమ్మ కడుపు నింపడానికి అవే కావాలి.

మరి రెండు జాగ్రత్తలు. ఈ రోజుల్లో పత్తి పూత కాయ మీద ఉంటుంది. గునుగు కోసం సాలు మధ్యకు దిగి చేను తొక్కితే రైతు ఊరుకోడు. పండుగ పూట పూల దగ్గర తగవులు జరగడం మనం చూస్తున్నదే. చేను గలవాళ్లను ఒక మాట అడిగి దిగితే కాదనేవాళ్లు అరుదు. అడిగినందువల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఆ గెట్టు మీద మందు కొట్టారో లేదో వాళ్లే చెబుతారు. ఆకు పచ్చబడి, కొనలు వాలిపోయి కనిపిస్తే మందు పడ్డట్టే లెక్క. అటువంటి పువ్వును ఇంటికి తేకూడదు. పసిపిల్లలు చేతులు పెడతారు, ఆడవాళ్లు గంటల తరబడి ఒళ్లో పెట్టుకుని కట్టలు కడతారు.

రెండోది పాము. గునుగు దట్టంగా ఉన్న గెట్టు, తంగేడు పొదలున్న గుట్ట మొదలు రెండూ పాములకు ఇష్టమైన చోట్లే. కట్టెతో ముందు తట్టి, చెప్పులు వేసుకుని వెళ్లాలి. పొదలోకి చేయి దూర్చరాదు. కాటు పడితే మంత్రాలకు, పసరుకు పోక, గట్టిగా తాడు బిగించక, కాలు చేయి కదపకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

కట్ట కట్టడం, రంగు పట్టించడం

తెచ్చిన పువ్వును తలకిందులు చేసి దులపడం మొదటి పని. చీమలు, సన్నని పురుగులు, సాలీళ్లు రాలిపోతాయి. ఆ తర్వాత అరుగు మీద అరపూట వదిలేస్తే మిగిలినవి వాటంతటవే వెళ్లిపోతాయి. ఈ పని మానేసి నేరుగా ఇంట్లో పెట్టుకున్న వాళ్లకు రాత్రి పక్క మీద చీమలు కుడితే గాని తెలిసిరాదు.

ఇక ఏరడం. పొడుగు కంకులు ఒక వైపు, పొట్టివి మరో వైపు, వంకరవి వేరు. పొడుగువి కింది వరుసలకు, పొట్టివి పై వరుసలకు పనికి వస్తాయి. వంకరవి కూడా వృథా కావు, రంగు వేయకుండా మధ్యలో ఇరికిస్తారు. పిడికెడు పిడికెడు తీసుకుని, పూల తలలన్నీ ఒకే మట్టంలోకి వచ్చేట్టు అరచేతి మీద తట్టి, దారంతో రెండు చుట్లు చుట్టి ముడి వేయాలి. ఆ తర్వాత కాడలను కత్తిపీట మీద సమంగా కోయాలి. కాడలను ముందు కోసి తర్వాత తలలు సరిచేయబోతే ఎన్నటికీ కుదరదు. మా చెల్లెలు ఈ పనిలో దిట్ట. ఆమె కట్టిన కట్టలు అచ్చు పోసినట్టుంటాయి. నేను కట్టినవి చూసి మా అమ్మ నవ్వి, విప్పి మళ్లీ కట్టుకుంటుంది.

రంగు విషయానికి వస్తే, గునుగు తెలుపు ఏ రంగునైనా పడుతుంది. గులాబి, ఊదా, ఆకుపచ్చ, నీలం రంగుల పొడులు పండుగ ముందు ప్రతి కిరాణా దుకాణంలో చిన్న పొట్లాలుగా దొరుకుతున్నాయి. పువ్వు బాగా ఆరిన తర్వాతనే ముంచాలి. తడి పువ్వు రంగు తీసుకోదు, తీసుకున్నా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. నీళ్లు వేడిగా ఉండాలి. చన్నీళ్లలో కలిపిన రంగు కాగితం లాంటి రేకు మీద నిలవక జారిపోతుంది. వేడి నీళ్లలో పొడి కరిగించి, కట్టను తలకిందులుగా పట్టుకుని పువ్వు మునిగే వరకే ముంచి, వెంటనే తీసి, గట్టిగా విదిలించాలి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ రంగు పడుతుందన్నది భ్రమ. పువ్వు నాని మెత్తబడి, కంకి వాలిపోతుంది. రంగు చిక్కగా కావాలంటే పొడి ఎక్కువ వేయాలి గాని నానబెట్టరాదు. ఆరబెట్టేటప్పుడు తాడుకు తలకిందులుగా వేలాడదీస్తే కంకి నిటారుగా ఆరుతుంది. నీడలోనే ఆరాలి. ఎండలో పెడితే రంగు వెలిసి, కాడ పెళుసుబారి, పేర్చేటప్పుడు పుటుక్కున విరుగుతుంది.

ఈ పొడుల గురించి ఒక మాట చెప్పక తప్పదు. వీటిలో చాలావరకు చాపలకు, నూలుకు, కట్టెకు వేసే రంగులు. తినే రంగులు కావు. పొట్లం మీద అందులో ఏముందో రాసి ఉండదు. అయినా మన ఇళ్లలో అన్నం వండే గిన్నెలోనే నీళ్లు కాచి, వట్టి చేతులతో ముంచి, ఆ చేతులతోనే సద్దులు కలుపుతున్నాం. సాయంత్రం చెరువు కట్ట మీద పెరుగన్నం, పులిహోర, మలీద పంచిపెట్టే ఆడవాళ్ల అరచేతులు చూడండి. గులాబి, ఊదా రంగులు గోళ్ల సందుల దాకా పట్టి ఉంటాయి. రంగుకు ఒక పాత డబ్బాను విడిగా పెట్టుకోవడం, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోవడం పెద్ద ఖర్చు కాదు. మిగిలిన రంగు నీళ్లను బోరింగు పక్కన, బావి దగ్గర పారబోయరాదు.

రంగు పొడి లేకుండా కూడా పని జరుగుతుంది. పసుపు కలిపిన వేడి నీళ్లలో ముంచితే గునుగు లేత పసుపు రంగు తేలుతుంది. ఆ పసుపు నీళ్లలోనే కాస్త సున్నం తేట కలిపితే నీళ్లు ఎర్రబారతాయి. ఇంట్లో పారాణి చేసుకునే పద్ధతే ఇది. మోదుగ పూలు ఎండాకాలంలో ఏరి ఎండబెట్టి దాచుకున్నవాళ్లు వాటిని మరిగించి నారింజ రంగు తీయవచ్చు. ఈ రంగులు దుకాణం రంగులంత మెరుపుగా ఉండవు, ఎక్కువ రోజులు నిలవవు కూడా. సద్దుల ముందు రోజు ముంచితే మరునాడు సాయంత్రం దాకా బాగుంటాయి. మనకు కావలసింది అంతవరకే గదా. నీలం, ఊదా మాత్రం ఇంటి సరుకుతో రావు. అవి లేకపోతే ఆడపిల్లలు ముఖం ముడుచుకుంటారు, అది వేరే సంగతి.

పేర్చే తీరు గురించి మన ఆడవాళ్లకు చెప్పేటంతటి వాణ్ని కాదు. తాంబాళంలోనో, సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరచి, అంచున తంగేడు వరుస, దాని మీద గునుగు వరుస, మధ్యలో ఆకు, కాడల తుంటలు కూరి చేత్తో అదిమి, మళ్లీ వరుస. పైకి పోయినకొద్దీ వలయం చిన్నదవుతుంది. చివర గుమ్మడి పువ్వు, దాని మీద పసుపు గౌరమ్మ. మధ్యలో తుంటలు సరిగ్గా అదమకపోతే చెరువుకు మోసుకుపోయే దారిలోనే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. నెత్తిన బతుకమ్మ ఒరిగిందని తెలిసిన ఆడపిల్ల మెడ తిప్పకుండా, చెయ్యి దించకుండా నడిచే నడక చూసినవాళ్లకు గుర్తుండిపోతుంది.

పీకే మొక్కను ఎవరు చంపారు

గునుగు ఎందుకు తగ్గిందన్నది అసలు ప్రశ్న. రైతుకు ఇది కలుపు మొక్క. పత్తిలో, మక్కలో, కందిలో వేసిన ఎరువును తినేది, పైరుకు నీడ పెట్టేది ఇదే. దాన్ని చేలో ఉంచుకోమని ఏ రైతుకూ చెప్పలేం. మా నాన్న కూడా పీకించినవాడే. అయితే అప్పటి కలుపుతీత వేరు. సాళ్ల మధ్య గుంటక తోలేవాళ్లు, మొక్కల మధ్యవి కూలీలు చేత్తో పీకేవాళ్లు. ఎంత పీకినా గెట్టు పక్కన, రాళ్ల కుప్ప చుట్టూ, గుంటక తిరగని మూలల్లో కొంత మిగిలేది. మిగిలినది పూసేది, గింజ రాలేది, వచ్చే ఏడు మళ్లీ మొలిచేది. పండుగకు కావలసింది ఆ మిగులే.

ఇప్పుడు మిగులు లేదు. మక్క విత్తిన రెండు రోజుల్లోనే అట్రజిన్ చల్లుతున్నారు. వెడల్పాకు కలుపు మొలకెత్తే దశలోనే చస్తుంది. పత్తిలో లేత కలుపు మీద పైరిథియోబాక్ సోడియం వంటి మందులు కొడుతున్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మన జిల్లాల్లో పత్తి సాగు బాగా పెరిగింది. ఆ తర్వాత కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనం దొంగచాటుగా రావడం మొదలైంది. ప్రభుత్వ అనుమతి లేని విత్తనం అది. ఆ పత్తిలో గ్లైఫోసేట్ కొడితే పత్తి తప్ప అన్నీ మాడిపోతాయి. ఇది చాలదన్నట్టు గెట్ల మీద, బాటల పక్కన, కాలువల వెంట కూడా అదే మందు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పురుగుల నివారణ పని చేసే నిర్వాహకులు తప్ప ఇతరులు వాడరాదన్నది అందులోని మాట. ఉత్తర్వు కాగితం మీద ఉంది, మాడిన గెట్టు కళ్ల ముందు ఉంది.

రైతును తిట్టడం తేలిక. కాని కలుపు కూలీ దొరకడం ఎంత కష్టమైందో పల్లెలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వానలు ఆగకుండా పడ్డప్పుడు చేలో దిగే వీలుండదు, కలుపు పత్తి కంటే ఎత్తు పెరుగుతుంది. అప్పుడు డబ్బా వీపుకు తగిలించుకోవడం తప్ప దారి లేదు. నేనూ కొట్టాను. అబద్ధం ఎందుకు? చేలో కొట్టి, డబ్బాలో మిగిలిన మందును పారబోయడం ఎందుకని గెట్టు మీద కూడా పిచికారీ చేశాను. ఆ గెట్టు మీదనే మా అమ్మ ఏటా ఎంగిలిపూలకు మొదటి గుప్పెడు కోసేది. నా చేత్తోనే అది పోయింది. నిరుడు మూడు ఊళ్లు తిరిగింది ఆ ఫలితమే. అమ్మ అన్న మాటలో ఉన్న చురక ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

చేలో మందు కొట్టడానికి కారణం ఉంది. గెట్టు మీద కొట్టడానికి ఏ కారణమూ లేదు. గెట్టు గడ్డి పశువులకు మేత. దాని వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయి. గడ్డి మాడిన గెట్టు రెండు వానలకే కరిగి కిందికి జారుతుంది. కొడవలితో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఈ ఒక్క విషయంలో రైతు సోదరులు చేయి ఆపితే పండుగకు సరిపడా గునుగు ఊళ్లోనే దొరుకుతుంది.

ఒక వింత సంగతి చెప్పాలి. నిరుడు హనుమకొండలో పూలు అమ్ముతున్న ఒకామెను ఎక్కడ కోసుకొచ్చారని అడిగాను. ప్లాట్లలో అన్నది. నిజమే. పట్నం చుట్టూ పొలాలు చదును చేసి, హద్దురాళ్లు పాతి, కొన్నవాళ్లు ఇల్లు కట్టక వదిలేసిన ప్లాట్లున్నాయి. అక్కడ పంట లేదు కనుక మందు కొట్టేవాడు లేడు. పల్లె చేలో చచ్చిన గునుగు పట్నం ప్లాట్లలో బతికింది. మనం పట్నానికి పోయి దాన్ని కొనుక్కుని పల్లెకు తెస్తున్నాం.

తంగేడు కథ కూడా కొంత ఇట్లాగే ఉంది. 2014లో తెలంగాణ ఏర్పడిన తర్వాత బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. గౌరవం దక్కింది గాని గుట్టలు తవ్వి మొరం తీస్తుంటే, బీడు భూములు చదునవుతుంటే తంగేడు పొద ఎక్కడ నిలుస్తుంది? పూర్వం తోళ్లు పదును పెట్టడానికి తంగేడు చెక్క వాడేవాళ్లు, అయినా పొద మొదలుంచి కొట్టేవాళ్లు కనుక మళ్లీ చిగురు వేసేది. జేసీబీ మొదలుంచదు.

చెరువులో కలిసేది ఏమిటి

సద్దుల నాటి రాత్రి ఊరంతటి బతుకమ్మలూ చెరువులో చేరతాయి. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఆ రోజు జనాన్ని చూసినవాళ్లకు ఎన్ని పూలు నీళ్లలోకి పోతాయో తెలుసు. పువ్వు, ఆకు, పసుపు నీళ్లలో కుళ్లి మట్టిలో కలిసేవే. రంగు పొడి సంగతి అట్లా కాదు. మరునాడు పొద్దున చెరువు ఒడ్డున నీళ్లు చూస్తే ఊదా రంగు తెట్టు కనబడుతుంది. అదే నీళ్లలో బర్లు దిగుతాయి, అందులోనే చేపలు పెరుగుతున్నాయి. ఈ మధ్య కొందరు ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ దిమ్మెలు కూడా పెట్టి ఎత్తు పెంచుతున్నారు. పూలు దొరక్కపోతే బతుకమ్మ చిన్నదవుతుంది, అంతే గదా. నానబియ్యం బతుకమ్మ నాడు రెండు వరుసలతో చిన్నగా పేర్చినా దాని చుట్టూ తిరిగి ఆడేది అదే ఆట, పాడేది అదే పాట. ఎత్తు కోసం థర్మకోల్‌ను మొక్కడం నాకైతే నచ్చలేదు.

గింజ సంగతి

నిరుడు పట్నం నుంచి కొనుక్కొచ్చిన కట్టల్లో కొన్ని బాగా ముదిరినవి. విప్పుతుంటేనే పొట్టు, గింజలు అరుగంతా రాలాయి. గునుగు గింజ నల్లగా, నున్నగా, తోటకూర గింజలాగే సన్నగా ఉంటుంది. నేను చీపురు తీసుకుని ఊడ్చి బయట పారేయబోతుంటే అమ్మ ఆపింది. చాటలోకి ఎత్తి, చెరిగి, పొట్టు పోగొట్టి, పాత గుడ్డ ముక్కలో మూట కట్టి, దూలానికి వేలాడదీసింది. మృగశిర కార్తెలో వాన పడగానే మూట విప్పి దొడ్డి గోడ వెంట, ఇంటి ముందు కాలువ ఒడ్డున, చెరువు కట్ట కింద చల్లి వచ్చింది. చేను గెట్టు మీద చల్లుదామని నేనంటే ఒప్పుకోలేదు. పక్క చేను వాళ్లకు కలుపు విత్తినట్టు అవుతుందట. వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే అక్కడ చల్లుకోవాలన్నది ఆమె మాట.

మీ ఇళ్లలోనూ ఈసారి కట్టలు విప్పినప్పుడు రాలిన గింజను పారేయకండి. బడి ఆవరణలో, చెరువు కట్ట దిగువన, ఊరి బొందలగడ్డ చుట్టూ, ఎవరి పంటకూ అడ్డం కాని చోట చల్లవచ్చు. లోతుగా తవ్వి పాతనక్కర లేదు, సన్న గింజ కనుక పైన చల్లి పొరకతో మట్టి కదిపితే చాలు. మేకలు తిరిగే చోటైతే నాలుగు ముళ్లకంపలు అడ్డం వేయాలి. మేము అది మరిచాం. దొడ్డి గోడ వెంట బాగా మొలిచిన గునుగును పక్కింటి మేక ఒక మధ్యాహ్నం సగం దాకా మేసిపోయింది. అమ్మ ఆ మేకను, దాని యజమానురాలిని కలిపి తిట్టింది. ఆమె వచ్చి నిలబడి అంతా విని, “అత్తా, మిగిలినయి పూస్తే నాకూ ఓ కట్ట ఇయ్యవా?” అని అడిగి పోయింది.

మేక వదిలిన సగం ఇప్పుడు మోకాలెత్తు అయింది. కొనలు గులాబి తిరుగుతున్నాయి.